వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల ఒంటికి నీరు పట్టడం: ఊపిరి, శోషరసం, వాపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి ఐసీయూ బయటైనా సాయంత్రం విజిటింగ్ టైములో నిలబడండి, ఈ మాట వినపడుతుంది: "నిన్నటికంటే ఇవాళ ఇంకా ఉబ్బిపోయారు." వెంటనే రెండు అనుమానాలు వస్తాయి. కిడ్నీలు పోయాయా? సెలైన్లు ఎక్కువ ఎక్కించేశారా? రెండూ అడగాల్సినవే. మూడో కారణం ఒకటుంది, దాన్ని మేం డాక్టర్లం కూడా అటెండెంట్లకి అరుదుగా చెబుతాం. మనిషి తనంతట తాను తీసుకునే ఊపిరి ఆక్సిజన్ కోసమే కాదు, ఒంట్లో మిగిలిపోయిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చడానికి కూడా పనికొస్తుంది. ఆ రెండో పని వెంటిలేటర్ చేయలేదు. పైగా కొంత అడ్డు కూడా పడుతుంది. ఆ సంగతే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నాన్నగారిని వెంటిలేటర్ మీద పెట్టి నాలుగు రోజులైంది. ముఖం, చేతులు గుర్తుపట్టలేనంతగా వాచాయి. ఇది మామూలేనా?

చాలామందిలో కనిపిస్తుంది. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే స్థితి), పెద్ద ఆపరేషన్, ప్యాంక్రియాస్ వాపు లాంటి వాటితో వచ్చినవాళ్లలో మరీ ఎక్కువ. మామూలే అన్నంత మాత్రాన పట్టించుకోనక్కర్లేదని కాదు. మంచం పక్కన వేలాడే ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు చూపించమని సిస్టర్‌ని అడగండి. రోజూ లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అన్నది అందులో ఉంటుంది. ఒక లీటరు నీరు మిగిలితే ఒక కిలో బరువు పెరిగినట్టు. ఆరేడు లీటర్లు మిగిలిన మనిషి ముఖం మారిపోవడంలో వింతేమీ లేదు.

ఇంకో సంగతి. వాపు ముఖంలో, చేతుల్లో మీకు కనిపిస్తుంది గానీ వెల్లకిలా పడుకున్న మనిషికి ఎక్కువ నీరు చేరేది నడుము కింద, తుంటి దగ్గర. అక్కడ బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట పడి అలాగే ఉండిపోతుంది. దుప్పటి కప్పి ఉంటుంది కాబట్టి అటెండెంట్లకి అది కనపడదు.

శోషరసం అంటే ఏమిటి?

స్కూలు జీవశాస్త్రంలో చదివిందే. సన్నటి రక్తనాళాల గోడల్లోంచి కొంత నీరు, కొంచెం ప్రొటీన్ నిరంతరం బయటికి ఊరుతూ ఉంటాయి. కణాల మధ్య చేరిన ఆ ద్రవాన్ని పోగుచేసి తిరిగి రక్తంలో కలిపే నాళాల వ్యవస్థ వేరే ఉంది. ఆ నాళాల్లో పారేదే శోషరసం, లింఫ్ అని కూడా అంటాం. రోజుకి సుమారు 2 నుంచి 4 లీటర్లు అలా వెనక్కి వస్తుంది. నీటికంటే ముఖ్యం ప్రొటీన్. రక్తంలో తిరిగే ప్రొటీన్లలో నాలుగో వంతు నుంచి సగం దాకా రోజుకొకసారి ఈ దారిలోనే వెనక్కి చేరుతుంది. దానికి వేరే దారి లేదు.

ఈ వ్యవస్థ దెబ్బతింటే ఏమవుతుందో మన దగ్గర పుస్తకం చూసి తెలుసుకోనక్కర్లేదు. బోదకాలు అదే. దోమ ద్వారా వచ్చే ఫైలేరియా పురుగులు శోషరస నాళాల్ని పాడుచేస్తే కాలు జీవితాంతం వాచిపోతుంది. ఐసీయూ వాపు అలాంటిది కాదు. ఇందులో నాళాలు బాగానే ఉంటాయి, పారుదలే మందగిస్తుంది. అందుకే ఇది తగ్గుతుంది.

దీనికీ ఊపిరికీ సంబంధం ఏమిటి?

రక్తానికి గుండె ఉంది. శోషరసానికి అలాంటి ఒక్క పంపు లేదు. నాళాల గోడల్లో కండరం ఉంటుంది, అది కొద్దికొద్దిగా ముడుచుకుంటుంది. లోపల ఒకవైపే తెరుచుకునే కవాటాలుంటాయి. మిగతా తోపుడు బయటినుంచి రావాలి: నడిచేటప్పుడు పిక్కల కండరాలు, పక్కనే కొట్టుకునే ధమనులు, పేగుల కదలిక, అన్నిటితోపాటు ఊపిరి.

కాళ్ల నుంచీ పొట్ట నుంచీ వచ్చే శోషరసమంతా కడుపు వెనక, నడుము వెన్నుపూసల దగ్గర ఒక చిన్న సంచిలాంటి చోట చేరుతుంది. అక్కడినుంచి థొరాసిక్ డక్ట్ అనే నాళం మొదలవుతుంది. పెద్దవాళ్లలో 40 సెంటీమీటర్ల పొడవు, అటూ ఇటూగా. డయాఫ్రం అనే పొర కండరాన్ని దాటి, ఛాతీలో వెన్నెముక ముందునుంచి పైకి పాకి, మెడ ఎడమ పక్కన రెండు పెద్ద సిరలు కలిసే మూలలో రక్తంలోకి పోస్తుంది. శరీరంలో నాలుగింట మూడొంతుల శోషరసానికి దారి ఇదొక్కటే. తల, ఛాతీల కుడి భాగం, కుడి చేయి మాత్రం కుడి పక్కనున్న చిన్న నాళంలోకి పోతాయి.

ఇప్పుడు ఒక ఊపిరి తీసుకోండి. డయాఫ్రం కిందికి దిగి పొట్టని నొక్కుతుంది, అక్కడి సంచి మీద ఒత్తిడి పడుతుంది. అదే క్షణంలో ఛాతీ లోపలి పీడనం తగ్గుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పీడనం మామూలుగానే వాతావరణం కంటే 5 సెంటీమీటర్ల నీటి పీడనమంత తక్కువ. ఊపిరి పీల్చినప్పుడు ఆ తేడా సుమారు 8కి పెరుగుతుంది. కింద నొక్కుడు, పైన లాగుడు. శోషరసం పైకి కదులుతుంది. ఊపిరి వదిలినప్పుడు కవాటాలు మూసుకుంటాయి కాబట్టి వెనక్కి జారదు. నిమిషానికి 14 సార్లు అనుకుంటే రోజుకి ఇరవై వేల సార్లు ఇది జరుగుతుంది, నిద్రలో కూడా.

వెంటిలేటర్ కూడా ఊపిరే కదా ఇస్తుంది? తేడా ఎక్కడ?

గాలి లోపలికి పోయే పద్ధతిలో ఉంది. మనం ఛాతీని పెద్దది చేసుకుంటే గాలి దానంతటదే లోపలికొస్తుంది. మిషన్ గాలిని తోస్తుంది. మనం పీల్చినప్పుడు ఛాతీ లోపలి పీడనం తగ్గితే, మిషన్ తోసినప్పుడు పెరుగుతుంది. పొట్ట మీద కొంత నొక్కుడు ఉంటుంది, కానీ పైన లాగుడు ఉండదు, ఎదురు పీడనం ఉంటుంది.

అంతటితో ఆగదు. ఛాతీలో పీడనం పెరిగితే గుండెకి తిరిగొచ్చే సిరల్లో కూడా పీడనం పెరుగుతుంది. థొరాసిక్ డక్ట్ పోయాల్సింది ఆ సిరల్లోకే. మూసీ నిండి నాలాలు పొంగినప్పుడు గల్లీల్లో నీళ్లు ఎందుకు నిలిచిపోతాయో 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీవాళ్లు చూశారు: గల్లీ డ్రైనేజీ ఎక్కడా పూడిపోకపోయినా, అది కలవాల్సిన చోట నీటిమట్టం ఎక్కువైతే ఇక్కడ కదలదు. మెడ దగ్గర జరిగేది కూడా ఇదే.

మూడోది, ఎవరూ పెద్దగా ఆలోచించనిది. అదే సిరల పీడనం కాలేయానికీ పేగులకీ కూడా పాకుతుంది. అక్కడి నాళాల్లోంచి ఊరే ద్రవం పెరుగుతుంది. అంటే తయారయ్యే శోషరసం ఎక్కువైంది, పోయే దారి బిగుసుకుంది. రెండూ ఒక్కసారే.

పీప్ అంటే ఏమిటి? అది తగ్గిస్తే వాపు తగ్గుతుందా?

ఊపిరి వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో మిషన్ కొంత పీడనం ఉంచుతుంది. అదే పీప్. సాధారణంగా 5 సెంటీమీటర్ల నీటి పీడనంతో మొదలుపెడతారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతింటే 10, 15 దాకా పోతారు. చిన్న గాలిగదులు ముడుచుకుపోకుండా, ఆక్సిజన్ అందేలా చూడటం దాని పని. ఛాతీలో పీడనం ఏ క్షణంలోనూ కిందికి దిగకుండా చేసేదీ అదే కాబట్టి శోషరసం దృష్ట్యా దాని ప్రభావమే ఎక్కువ.

తగ్గించమని అడగొచ్చా? అడగడంలో తప్పు లేదు. కానీ వాపు కోసం పీప్ తగ్గించమని ఏ డాక్టరుకీ నేను సలహా ఇవ్వను. చేతివాపుతో మనిషి బతుకుతాడు, ఆక్సిజన్ లేకుండా బతకడు. "ఇప్పుడు పీప్ ఎంత ఉంది, నిన్నటికంటే తగ్గిందా?" అని రోజూ ఒకసారి అడగండి. ఊపిరితిత్తులు కోలుకుంటున్నాయో లేదో ఆ ఒక్క అంకెలోనే చాలావరకు తెలుస్తుంది.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటున్నారు. అదీ శోషరసమేనా?

కొంత సంబంధం ఉంది. ఊపిరితిత్తుల్లో శోషరస నాళాలు గాలిగదుల గోడల్లో ఉండవు, శ్వాసనాళాల, రక్తనాళాల వెంట ఉంటాయి. మామూలుగా అవి ఊరిన నీటిని ఊరినట్టే తీసేస్తాయి, అవసరమైతే ఆ పనిని ఎన్నో రెట్లు పెంచగలవు. న్యుమోనియా, సెప్సిస్‌లలో నాళాల గోడలు కారడం మొదలైతే ఆ రెట్లు కూడా చాలవు. అప్పుడు నీరు గాలిగదుల్లోకి దిగుతుంది. పీప్ ఆ నీటిని గదుల్లోంచి పక్కనున్న కణజాలంలోకి జరుపుతుంది, ఆక్సిజన్ మెరుగవుతుంది. కానీ మొత్తం నీరు అక్కడే ఉంటుంది. ఎక్స్‌రే మెరుగ్గా కనిపించినా "నీరు పోయింది" అనడానికి వీల్లేదు.

పొట్ట బిగుసుకుపోయింది. ఎందుకు?

పొట్టలో ఊరిన ద్రవంలో చాలాభాగాన్ని డయాఫ్రం అడుగున ఉన్న సన్నటి రంధ్రాలు పీల్చుకుంటాయి. ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1863లోనే వీటి గురించి రాశాడు. డయాఫ్రం ముడుచుకుని వదులైనప్పుడల్లా ద్రవం ఆ రంధ్రాల్లోంచి శోషరస నాళాల్లోకి పోతుంది. మత్తుమందుతో, కండరాలు సడలించే మందుతో డయాఫ్రం నిద్రపోతే ఆ పని మందగిస్తుంది. పేగుల గోడలు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొట్టలో పీడనం 12 మిల్లీమీటర్ల పాదరసం దాటితే ఎక్కువ కింద లెక్క. 20 దాటి, కొత్తగా ఏదైనా అవయవం దెబ్బతింటే అది అత్యవసరం. కొలవడం కష్టమేమీ కాదు: మూత్రం గొట్టంలోంచి మూత్రాశయంలోకి కొద్దిగా, 25 మిల్లీలీటర్లు మించకుండా సెలైన్ ఎక్కించి, ఊపిరి వదిలిన క్షణంలో పీడనం చూస్తారు. పొట్ట రాయిలా ఉండి, మూత్రం తగ్గుతుంటే "పొట్ట పీడనం చూశారా?" అని అడగండి. పొట్టలో పీడనం పెరిగితే డయాఫ్రం పైకి వస్తుంది, మిషన్ ఇంకా గట్టిగా తోయాలి, ఛాతీలో పీడనం ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి.

ఇదంతా మనుషుల్లో రుజువైందా?

నేరుగా కొలిచింది ఎక్కువగా కుక్కల్లో, గొర్రెల్లో, పందుల్లో. బతికున్న మనిషి థొరాసిక్ డక్ట్‌లో గొట్టం పెట్టి రోజుల తరబడి కొలవడం ఎవరూ సులభంగా చేసే పని కాదు. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో నార్మన్ స్టౌబ్ బృందం మెలకువగా ఉన్న గొర్రెల్లో ఊపిరితిత్తుల శోషరసాన్ని సేకరించే పద్ధతి తయారుచేసింది. ఊపిరితిత్తుల్లో నీరు ఎలా చేరుతుందో మనకి తెలిసినదాంట్లో చాలాభాగం అక్కడిదే. స్వీడన్‌లోని ఉప్సలలో 2006లో పందుల మీద చేసిన పనిలో, సెప్సిస్ లాంటి స్థితి తెప్పించి చూశారు. పీప్‌తో నడిచే వెంటిలేటర్ పొట్టలోని శోషరసం పారుదలని అడ్డుకుంది, సొంత ఊపిరి ఉంచినప్పుడు పారుదల మెరుగైంది.

కాబట్టి జరిగే విధానం మీద అనుమానం పెద్దగా లేదు. ఒక ఫలానా మనిషి వాపులో దీని వాటా ఎంత అన్నది మాత్రం మంచం పక్కన కొలిచే పద్ధతి లేదు. శాతాలు చెప్పేవాళ్లు కనిపిస్తే నమ్మకండి.

అయితే వాపుకి అసలు కారణం వెంటిలేటరేనా?

కాదు. ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే సగం చదివి "వెంటిలేటర్ పెట్టడం వల్లే పాడయ్యారు" అనుకునేవాళ్లుంటారు.

పెద్ద కారణం రోగమే. సెప్సిస్‌లో ఒళ్లంతా సన్నటి రక్తనాళాలు కారతాయి. వానాకాలంలో మన ఊళ్లో డెంగీ వార్డులు చూసినవాళ్లకి ఇది తెలుసు: జ్వరం దిగే రోజుల్లో ప్లాస్మా నాళాల్లోంచి బయటికి కారుతుంది, ఒకటి రెండు రోజులు నడుస్తుంది, తర్వాత అదే నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆ తిరిగొచ్చే సమయంలో కూడా సెలైన్ ఎక్కిస్తూపోతే ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. సెప్సిస్‌లో కథ ఇంకా లాగుతుంది. దానిమీద తగ్గిన అల్బుమిన్ (నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచే ప్రొటీన్), మూత్రం తగ్గించే హార్మోన్లు, కిడ్నీల నీరసం, రోజుల తరబడి చేయీ కాలూ కదలకపోవడం. ఇన్నింటి వల్ల ఊరిన నీటిని వెనక్కి తెచ్చే దారి నెమ్మదించడంలో వెంటిలేటర్‌కి పాత్ర ఉంది. అంతే. వెంటిలేటర్ మీదున్నా, కిందటి రోజు ఆపరేషన్ అయి నాళాలు బాగున్న కుర్రాడికి చెప్పుకోదగ్గ వాపు రాదు.

సెలైన్లు ఎక్కువ ఎక్కించేశారేమో?

మొదటి గంటల్లో బీపీ పడిపోయినప్పుడు ఎక్కించక తప్పదు. ఆ తర్వాతే లెక్క ముఖ్యం. ఒక లీటరు మామూలు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. యాంటీబయాటిక్ కలిపే చిన్న బాటిళ్లు, మత్తుమందు డ్రిప్పులు, గొట్టాలు మూసుకుపోకుండా ఇచ్చేవి, అన్నీ కలిపితే ఎవరూ కావాలని ఇవ్వకుండానే రోజుకి లీటరు దాటొచ్చు. మీరు చూసే పెద్ద బాటిల్ ఒక్కటే కాదు.

ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న రోగుల్లో బీపీ కుదురుకున్నాక నీరు బిగించి ఇవ్వడం మేలా, ధారాళంగా ఇవ్వడం మేలా అని అమెరికాలో పెద్ద అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. బిగించి ఇచ్చినవాళ్లు వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజులు ఎక్కువ. 60 రోజుల మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇప్పుడు చాలా ఐసీయూల్లో బీపీ నిలబడ్డాక మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే లాసిక్స్ ఇంజెక్షన్‌తోనో, కిడ్నీలు సహకరించకపోతే డయాలిసిస్ మిషన్‌తోనో మెల్లగా నీరు తీస్తారు.

అల్బుమిన్ బాటిళ్లు తెమ్మన్నారు. వాపు దిగుతుందా?

ఖచ్చితంగా దిగుతుందని చెప్పలేను. 100 మిల్లీలీటర్ల 20 శాతం బాటిల్‌లో ఉండేది 20 గ్రాముల ప్రొటీన్. నాళాలు కారుతున్నంతకాలం అందులో కొంత బయటికే పోతుంది, మళ్లీ శోషరసం దారిలోనే వెనక్కి రావాలి. సెప్సిస్ రోగుల్లో అల్బుమిన్ ఇచ్చి చూసిన ఇటలీ అధ్యయనంలో, 2014లో, బతికేవాళ్ల సంఖ్య మొత్తంమీద పెరగలేదు. కాలేయ జబ్బులో పొట్ట నీరు తీసినప్పుడు మాత్రం దాని అవసరం వేరు, అక్కడ ఇవ్వాలి. అప్పు చేసి తెచ్చే పరిస్థితి ఉంటే "దేనికోసం ఇస్తున్నారు, ఎన్ని రోజులు?" అని సూటిగా అడగండి. నిమ్స్‌లోనైనా గాంధీలోనైనా కార్పొరేట్‌లోనైనా ఆ ప్రశ్నకి జవాబు ఉండాలి.

కళ్లు ఉబ్బి తెల్లగుడ్డు జెల్లీలా బయటికి వచ్చింది. చూపు పోతుందా?

అది కంటి పైపొరలో చేరిన నీరు. సిరల పీడనం, కారే నాళాలు, వెల్లకిలా పడుకోవడం, గొట్టం కట్టిన టేపు మెడ చుట్టూ బిగుతుగా ఉండటం, ఇవన్నీ కారణాలే. చూడటానికి భయంగా ఉంటుంది గానీ ఒంటి నీరు దిగితే అదీ దిగుతుంది. అసలు ప్రమాదం రెప్పలు పూర్తిగా మూసుకోక కన్ను ఎండి పుండు పడటం. కంట్లో జెల్ వేస్తున్నారా, రెప్పలు మూస్తున్నారా అని సిస్టర్‌ని అడగండి.

బోర్లా పడుకోబెట్టారు, ముఖం మరీ వాచింది.

నీరు కిందికి దిగుతుంది, ముఖం కింద ఉంది. కోవిడ్ రోజుల్లో గాంధీ ఆసుపత్రి చుట్టూ తిరిగినవాళ్లకి ఈ పద్ధతి గుర్తుండే ఉంటుంది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లని రోజుకి కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయని 2013లో ఫ్రాన్స్ అధ్యయనం చూపించింది. ముఖం వాపుకి భయపడి వద్దనకండి.

ఒక్క చేయి మాత్రమే వాచింది. ఇదీ అదేనా?

కాకపోవచ్చు. ఒకవైపే వాపు అంటే ముందు రెండు చూడాలి: సూది జారి మందు చర్మం కింద చేరిందా, సిరలో రక్తం గడ్డకట్టిందా. మెడలోనో చేతిలోనో సిరలోకి పెట్టిన గొట్టం (లైన్) ఉంటే రెండోదానికి అవకాశం ఎక్కువ. ఆ పూటే డాక్టరుకి చూపించండి. సిరల్లో రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ మంచం దగ్గరే చేస్తారు.

నువ్వుల నూనెతో మర్దన చేస్తే నీరు దిగుతుందంటున్నారు మా అత్తమ్మ.

ఆమె ఉద్దేశం మంచిదే, ఇప్పుడు మాత్రం వద్దు. గడ్డకట్టిన రక్తం ఉన్న కాలిని మర్దిస్తే అది కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. నీరు పట్టిన చర్మం కాగితంలా చిరుగుతుంది, నూనె చేతులతో పట్టుకుంటే టేపులు ఊడతాయి. శోషరసం కోసమే చేసే ప్రత్యేకమైన తేలికపాటి మర్దన ఒకటుంది, క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చేయి వాచినవాళ్లకి ఫిజియోథెరపిస్టులు చేస్తారు. జ్వరం, ఇన్‌ఫెక్షన్, గుండె నీరసం ఉన్న ఐసీయూ రోగికి అది కూడా చేయరు.

మరి మేం చేయగలిగింది ఏమీ లేదా?

ఉంది, చిన్నచిన్నవి. మొదటిరోజే ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడు, చేతికి కట్టిన దారాలు తీయించేయండి. దర్గా తాయత్తైనా, గుడి కంకణమైనా దిండు కింద పెట్టుకోవచ్చు. వాపొచ్చాక ఉంగరం వేలిలోకి దిగిపోతుంది, వేలు నీలంగా మారుతుంది, చివరికి కటర్ తెచ్చి కోయాల్సి వస్తుంది. పెళ్లినాటి ఉంగరం కోస్తుంటే పక్కన నిలబడ్డ భార్య ముఖం చూడలేం.

చేతుల కింద దిండు పెట్టి గుండె కంటే కొంచెం ఎత్తులో ఉంచమనండి. విజిటింగ్ టైములో సిస్టర్ సరేనంటే వేళ్లు, మణికట్టు, మోచేయి మెల్లగా ముడిచి చాపండి. కదలిక శోషరసాన్ని నిజంగానే నడిపిస్తుంది. ఎలా చేయాలో ఫిజియోని ఒకసారి చూపించమంటే చూపిస్తారు. మాట్లాడుతూ చేయండి, మత్తులో ఉన్నా సరే.

గాలి తోయకుండా, ఛాతీని పైకి లాగే మిషన్లు లేవా?

ఉండేవి. 1928లో బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా కలిసి తయారుచేసిన ఐరన్ లంగ్ అదే పని చేసేది: మెడ దాకా మనిషిని ఇనుప పీపాలో పెట్టి, పీపాలో గాలి తగ్గిస్తే ఛాతీ విప్పారేది. తమాషా ఏమిటంటే, ఫిలిప్ అన్న సెసిల్ డ్రింకర్ అదే హార్వర్డ్‌లో శోషరసం మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. ఈ పేజీలోని రెండు సగాలూ ఒకే ఇంట్లో ఉండేవన్నమాట.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు అలాంటి మిషన్లు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో గొట్టం పెట్టి చేత్తో సంచి నొక్కుతూ గాలి తోయించాడు, వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. ప్రపంచం తోసే పద్ధతికి మారిపోయింది, సరిగ్గానే మారింది. పీపాలో ఉన్న మనిషికి చూపు, సూది, సేవ ఏదీ అందదు. ఒళ్లంతా పీపాలో ఉంటే పొట్ట మీదా కాళ్ల మీదా అదే లాగుడు పడుతుంది కాబట్టి శోషరసానికి కూడా అది మన సొంత ఊపిరితో సమానం కాదు.

ఊపిరి విషయంలో మన ఊరికీ ఒక చరిత్ర ఉంది. నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో 1888, 1889లలో ఇక్కడ క్లోరోఫాం అనే మత్తుమందు ఎంత సురక్షితమో తేల్చడానికి రెండు కమిషన్లు జరిగాయి. మత్తిచ్చేటప్పుడు నాడిని కాదు, ఊపిరిని చూడాలని ఇక్కడ పనిచేసిన బ్రిటిష్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదించాడు. క్లోరోఫాం గుండెని కూడా నేరుగా ఆపగలదని తర్వాత తేలింది కాబట్టి ఆయన వాదన సగమే నిలిచింది.

సొంత ఊపిరి వస్తే వెంటనే వాపు దిగుతుందా? అయితే మత్తు త్వరగా తీసేయొచ్చుగా?

అందుకే వీలైనంత తక్కువ మత్తు, వీలైనంత త్వరగా సొంత ఊపిరి అన్నది ఇప్పటి పద్ధతి. రోగి మొదలుపెట్టిన ఊపిరికి మిషన్ సాయం మాత్రమే చేసే మోడ్‌లు ఉన్నాయి. డయాఫ్రం మళ్లీ పనిలో పడుతుంది. శోషరసానికే కాదు, డయాఫ్రం కండరం కరగకుండా ఉండటానికీ అది మేలు.

కానీ ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న మొదటి రోజుల్లో రోగి గట్టిగా ఎగపీలిస్తే ఆ లాగుడే ఊపిరితిత్తుల్ని మరింత చింపుతుంది. అప్పుడు మత్తు కావాలి. ఇంకో చిక్కు: మిషన్ తీయగానే గుండెకి ఒక్కసారిగా రక్తం ఎక్కువ వస్తుంది, గుండె నీరసంగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. గొట్టం తీయడానికి ముందు రోజు "నీరు తీస్తున్నాం" అని చెబుతారు కదా, అది దీనికోసమే.

ఇంట్లో రాత్రిళ్లు సిపాప్ (నిద్రలో మాస్కుతో గాలి తోసే చిన్న మిషన్) పెట్టుకుంటాను. నాకూ ఇలా అవుతుందా?

అవ్వదు. మీ ఊపిరి మీరే తీసుకుంటున్నారు, పగలంతా తిరుగుతున్నారు. కాళ్లు వాస్తుంటే గుండె, కిడ్నీ, బీపీ మాత్రలు చూపించుకోండి, మిషన్ మానకండి.

ఛాతీ గొట్టంలో పాలలాంటి నీరు వస్తోంది.

ఇది వేరే సమస్య. ఛాతీ లేదా మెడ ఆపరేషన్‌లో థొరాసిక్ డక్ట్‌కి గాయమైతే పేగుల నుంచి వచ్చే కొవ్వుతో కూడిన శోషరసం ఛాతీలో చేరుతుంది. ఆ ద్రవంలో ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) డెసిలీటరుకి 110 మిల్లీగ్రాములు దాటితే దాదాపు అదేనని లెక్క. మామూలు కొవ్వు ఆపి ప్రత్యేక ఆహారం ఇస్తారు, తగ్గకపోతే డక్ట్‌ని మూసేస్తారు.

ఇంటికొచ్చాక ప్రాణాయామం చేస్తే మంచిదా?

మెల్లగా, బలవంతం లేకుండా చేసే లోతైన శ్వాస మంచిదే. పొట్ట కదిలేలా తీసుకోండి. ఊపిరి బిగబట్టేవి, వేగంగా కొట్టేవి డాక్టరు చెప్పేదాకా వద్దు. అన్నిటికంటే నడక ముఖ్యం. వరండాలో పది అడుగులైనా సరే.

వాపు పూర్తిగా ఎన్నాళ్లకి పోతుంది?

నాళాలు కారడం ఆగి, బీపీ మందులు తగ్గాక మూత్రం ధారగా వస్తుంది. యూరిన్ బ్యాగు గంటగంటకీ నిండుతుంటే కంగారుపడకండి, మేం ఎదురుచూసేది దానికోసమే. ముఖం ముందు తేలికవుతుంది. లేచి కూర్చోవడం మొదలయ్యాక మిగిలిన నీరు పాదాల్లోకి దిగి, "ఇన్నాళ్లూ లేని కాళ్లవాపు కొత్తగా వచ్చింది" అనిపిస్తుంది. అది చోటు మారిన పాత నీరే. కొన్ని వారాల్లో పోతుంది. నీరు పోయాక లోపల కండ ఎంత తరిగిందో బయటపడుతుంది, తొడలు సన్నబడి కనిపిస్తాయి. అప్పుడు కావాల్సింది గుడ్లు, పప్పు, పెరుగు, ఫిజియో. కిడ్నీ జబ్బుంటే ప్రొటీన్ ఎంత తినాలో అడిగి తినండి. రెండు కాళ్లలో ఒకటే వాచినా, పిక్క నొప్పిగా ఎర్రగా ఉన్నా, పడుకుంటే ఆయాసం వచ్చినా మాత్రం రివ్యూ తేదీ దాకా ఆగకుండా అదే రోజు వచ్చేయండి.